రైలు గేటు దగ్గర తప్పెవరిది? గుడ్ల బండి నుంచి మాసాయిపేట దాకా

రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే చాలామంది ఫోన్ తీసి రీల్స్ చూస్తారు. ఈసారి ఒక పది నిమిషాలు బయటికి చూడండి. పట్టాల పక్కన అక్కడక్కడా ఓ పసుపు రంగు బోర్డు కనిపిస్తుంది. దాని మీద ఇంగ్లిష్‌లో డబ్ల్యూ, ఎల్ అని రెండక్షరాలు ఉంటాయి. హిందీలో అయితే సీ, ఫా. సీ అంటే సీటీ, ఫా అంటే ఫాటక్. "ముందు గేటుంది, కూత వెయ్యి" అని ఇంజిన్ నడిపే లోకో పైలట్‌కి చెప్పే బోర్డు అది. రాత్రిపూట ఊళ్లో పడుకుంటే దూరం నుంచి రైలు కూత వినిపిస్తుంది కదా, అది చాలాసార్లు ఈ బోర్డు చూసి వేసిన కూతే.

ఇవాళ మన కథ ఆ కూత దగ్గరే మొదలవుతుంది. ఎందుకంటే అసలు రైలు కూత పుట్టిందే ఒక రైల్వే క్రాసింగ్ దగ్గర అని చెబుతారు.

1833, ఇంగ్లండ్‌లోని లీసెస్టర్‌షైర్. అక్కడ కొత్తగా రైలు నడుస్తోంది. ఇంజిన్ పేరు శాంసన్. థార్న్‌టన్ అనే చోట రోడ్డు, పట్టాలు ఒకదాన్నొకటి దాటతాయి. ఓ గుర్రపు బండి సంతకి సరుకు తీసుకెళ్తోంది. శాంసన్ వచ్చి బండిని గుద్దేసింది. బండిలో 50 పౌన్ల వెన్న, 80 డజన్ల గుడ్లు ఉన్నాయట. అంటే 960 గుడ్లు. గుడ్ల లెక్క దగ్గర నాకు కాస్త అనుమానమే గానీ, రైల్వే చరిత్రలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. అప్పటిదాకా ఇంజిన్ డ్రైవర్ చేతిలో ఉన్నది నోటితో ఊదే బూర ఒక్కటే. ఇంజిన్ చప్పుడులో అది ఎవరికి వినపడుతుంది? దాంతో జార్జి స్టీఫెన్‌సన్ ఆవిరితో మోగే బూర చేయించి ఇంజిన్‌కి పెట్టించాడట. మన రైలు కూతకి అదే ముత్తాత.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి, ఎపిసోడ్ మొత్తానికి ఇదే కీలకం. ప్రమాదం జరిగింది. దానికి దొరికిన పరిష్కారం ఏంటి? రైలు గట్టిగా అరుస్తుంది, రోడ్డు మీదవాడు విని తప్పుకోవాలి. రోడ్డూ పట్టాలూ మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. ప్రాణం కాపాడుకునే బాధ్యత బండివాడిది. ఈ ఆలోచన దాదాపు 180 ఏళ్లపాటు మన ఊళ్లదాకా నడిచొచ్చింది.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకి నడిచింది. దక్షిణాదిలో 1856లో మద్రాసు రాయపురం నుంచి మొదలైంది. పట్టాలు వేసుకుంటూ పోతుంటే దారిలో రోడ్లు, బండ్ల బాటలు, పొలాలకి పోయే డొంకలు అడ్డం వస్తాయి. పెద్ద రోడ్డు అయితే గేటు పెట్టి, గేట్‌మన్‌ని పెట్టి, అతనికి పక్కనే చిన్న గది కట్టారు. 1890 రైల్వే చట్టంలోనే గేట్లు పెట్టమని, వాటిని తెరిచి మూసే మనుషుల్ని పెట్టమని చెప్పే అధికారం ప్రభుత్వానికి ఉంది. కానీ డొంకలకి? ఏమీ లేదు. రెండు పక్కలా ఓ బోర్డు, అంతే. అప్పట్లో ఆ బాటల్లో పోయేది ఎడ్లబండి. రోజుకి రెండో మూడో రైళ్లు, అవీ నెమ్మదిగా పోయేవి. ఎద్దులు కూడా రైలు చప్పుడు విని బెదిరి ఆగిపోయేవి. కాబట్టి పెద్ద సమస్యగా ఎవరికీ అనిపించలేదు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, బాట అదే ఉండిపోయింది, దాని మీద పోయేవి మాత్రం మారిపోయాయి. ఎడ్లబండి పోయి ట్రాక్టర్ వచ్చింది, ఆటో వచ్చింది, స్కూల్ బస్సు వచ్చింది. అటు రైలు కూడా స్పీడ్ పెరిగింది. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ పోయే లైన్ ఉంది కదా, అది నిజాం కాలంలో 1900 ప్రాంతంలో వేసిన మీటర్ గేజ్ లైన్. తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. ఈ లైన్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మరి ఏ క్రాసింగ్‌కి గేట్‌మన్‌ని పెట్టాలి, దేనికి అక్కర్లేదు అని రైల్వే ఎలా తేలుస్తుంది? దానికో లెక్క ఉంది. పేరు టీవీయూ, అంటే ట్రైన్ వెహికల్ యూనిట్. ఒక రోజులో వచ్చే రైళ్ల సంఖ్యని, ఆ క్రాసింగ్ దాటే బండ్ల సంఖ్యతో గుణిస్తారు. రోజుకి 20 రైళ్లు, 100 బండ్లు అయితే 2000. ఈ అంకె ఎంత పెద్దదైతే గేటు అవసరం అంత ఎక్కువ. అంకె లక్ష దాటితే అక్కడ ఓవర్ బ్రిడ్జికి రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం ఖర్చు పెట్టుకోవాలని పద్ధతి.

వినడానికి బాగానే ఉంది. కానీ యూనిట్లు ఎలా లెక్కేస్తారో చూడండి. మోటారు బండి ఒక యూనిట్. ఎడ్లబండి ఒక యూనిట్. ఆటో అర యూనిట్. బస్సులో 40 మంది పిల్లలున్నా ఒక యూనిటే, లారీలో డ్రైవర్ ఒక్కడే ఉన్నా ఒక యూనిటే. నడిచిపోయేవాడు లెక్కలోకే రాడు. అంటే ఈ లెక్క బండ్లని లెక్కపెట్టింది గానీ, ప్రాణాల్ని లెక్కపెట్టలేదు. ఇంజినీర్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. వేల క్రాసింగులున్నప్పుడు ఏదో ఒక కొలత కావాలి. కానీ కొలతలో కనిపించనిది, ఖర్చు పెట్టేటప్పుడు కూడా కనిపించదు.

ఇప్పుడు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 131. డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లలో వందలో ఒక్కరికైనా ఇది తెలుసా అని నా డౌటు. కాపలా లేని రైల్వే క్రాసింగ్ దగ్గరికి రాగానే డ్రైవర్ బండి ఆపాలి. కండక్టరో క్లీనరో దిగి, పట్టాల దాకా నడిచివెళ్లి, రెండువైపులా రైలు రావడం లేదని చూసి, అప్పుడు బండిని ముందుండి దాటించాలి. బండిలో ఇంకెవరూ లేకపోతే డ్రైవరే దిగి చూసి రావాలి. దీనికి తోడు 1989 రైల్వే చట్టం సెక్షన్ 161 ప్రకారం కాపలా లేని క్రాసింగ్‌ని నిర్లక్ష్యంగా దాటితే ఏడాది దాకా జైలు.

చట్టం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి, సాయంత్రం నాలుగున్నరకి, ఏడాదికి రెండు వందల రోజులు అదే క్రాసింగ్ దాటే డ్రైవర్ ప్రతిసారీ దిగుతాడా? మొదటి వారం దిగుతాడు. తర్వాత తల తిప్పి చూస్తాడు. ఆ తర్వాత ఈ టైముకి రైలు రాదులే అనుకుంటాడు. రైలు ఒక్కరోజు లేటైతే చాలు.

కోర్టులు కూడా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చాయి. 1979లో కేరళలో, కాపలా లేని ఓ క్రాసింగ్ దగ్గర అద్దెకి తీసుకున్న టూరిస్టు బండిని జయంతి జనతా ఎక్స్‌ప్రెస్ గుద్దింది. 40 మంది దాకా చనిపోయారు. తప్పు డ్రైవర్‌దే, మాకేం సంబంధం అన్నది రైల్వే వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1997లో తేలింది. తీర్పు రాసింది జస్టిస్ ఎం. జగన్నాధరావు, మన తెలుగువారే. అందులో నాకు ముఖ్యంగా అనిపించే మాటలు రెండున్నాయి. ఒకటి, డ్రైవర్ చేసిన తప్పుని వెనక కూర్చున్న ప్రయాణికుల నెత్తిన వెయ్యడానికి లేదు. స్టీరింగ్ వాళ్ల చేతిలో లేదు కదా. రెండు, రద్దీ ఉన్న క్రాసింగ్ దగ్గర మనిషిని పెట్టడం లాంటి జాగ్రత్తలు తీసుకోవాల్సిన బాధ్యత రైల్వేకి కూడా ఉంది. చట్టంలో ప్రత్యేకంగా ఆదేశం రాలేదు కాబట్టి మేము ఊరుకున్నాం అంటే కుదరదు. అప్పటిదాకా బండివాడి ఒక్కడి మీదే ఉన్న బరువులో కొంత మొదటిసారి ఇటువైపు జరిగింది.

కానీ తీర్పు వచ్చినంత మాత్రాన గేట్లు రావు. 2012లో అణుశాస్త్రవేత్త అనిల్ కకోద్కర్ అధ్యక్షతన రైల్వే భద్రత మీద వేసిన కమిటీ రిపోర్టు ఇచ్చింది. గేట్ల గురించి అది చెప్పింది సూటిగా ఉంది. కాపలా ఉన్నవీ లేనివీ అని తేడా లేకుండా లెవెల్ క్రాసింగులన్నీ అయిదేళ్లలో తీసేయండి. ఖర్చు దాదాపు 50 వేల కోట్లు. గేట్ల నిర్వహణ మిగిలి, రైళ్లు సాఫీగా నడిస్తే ఆ డబ్బు ఏడెనిమిదేళ్లలో తిరిగొస్తుందని కూడా లెక్క చెప్పారు. 1833 నుంచి వస్తున్న ఆలోచనని తిరగేసిన మాట ఇది. బండివాడిని జాగ్రత్తగా ఉండమనడం కాదు, రోడ్డూ పట్టాలూ కలవకుండా చెయ్యమనడం. రిపోర్టుని అందరూ మెచ్చుకున్నారు. డబ్బు దగ్గర ఆగిపోయింది. 2014 నాటికి దేశంలో దాదాపు 30 వేల లెవెల్ క్రాసింగులు, వాటిలో 11 వేలకి పైగా కాపలా లేనివి.

2014 జులై 24. తెలంగాణ రాష్ట్రం వచ్చి సరిగ్గా 52 రోజులు. మెదక్ జిల్లా మాసాయిపేట. ఇందాక గుర్తుపెట్టుకోమన్న లైన్ ఇదే. పొద్దున తొమ్మిది ప్రాంతంలో, చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని ఎక్కించుకుని ఒక స్కూల్ బస్సు తూప్రాన్ వైపు పోతోంది. కాపలా లేని క్రాసింగ్ మీదికి బస్సు ఎక్కిన సమయానికే నాందేడ్ – సికింద్రాబాద్ ప్యాసింజర్ వచ్చింది. బస్సుని ఈడ్చుకుంటూ వెళ్లింది. 15 మందికి పైగా పిల్లలు చనిపోయారు. డ్రైవర్, క్లీనర్ కూడా పోయారు.

అప్పుడు టీవీ చూసినవాళ్లకి గుర్తుంటుంది. పట్టాల పక్కన చెల్లాచెదురుగా పడ్డ స్కూలు బ్యాగులు, టిఫిన్ డబ్బాలు. రెగ్యులర్ డ్రైవర్ రాలేదని, ఆ రోజు వేరే డ్రైవర్ వచ్చాడని, ఫోన్‌లో మాట్లాడుతున్నాడని వార్తలొచ్చాయి. ఇక్కడ గేటు పెట్టమని ఎప్పట్నుంచో అడుగుతున్నామని ఊరివాళ్లు అన్నారు. మళ్లీ అదే ప్రశ్న: తప్పెవరిది? నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. డ్రైవర్ దిగి చూసి ఉండాల్సింది. అందులో అనుమానం లేదు. కానీ ఒక్క మనిషి ఒక్క నిమిషం పరాకుగా ఉంటే పదిహేను ఇళ్లలో దీపాలు ఆరిపోయేలా ఒక దారిని అలాగే వదిలేస్తే, ఆ వదిలేయడం కూడా తప్పే. డ్రైవర్ తప్పు ఒక్క నిమిషంది. రెండో తప్పు వయసు కొన్ని దశాబ్దాలు.

అయినా "అంత పెద్ద రైలు కనపడలేదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. మంచి ప్రశ్న. కనపడుతుంది, కానీ ఎంత స్పీడ్‌లో వస్తోందో కన్ను సరిగా చెప్పలేదు. హెర్షెల్ లీబోవిట్జ్ అనే అమెరికా సైకాలజిస్టు 1985లో దీని మీద రాశాడు. పెద్ద వస్తువు చిన్న వస్తువు కంటే నెమ్మదిగా కదులుతున్నట్టు మన కంటికి అనిపిస్తుంది. విమానం దిగేటప్పుడు గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది చూడండి, అలాగన్నమాట. పైగా రైలు ఎదురుగా వస్తుంటే అది పక్కకి కదలదు, ఉన్నచోటే కొంచెం కొంచెం పెద్దదవుతుంది. దూరంగా ఉన్నంతసేపూ ఆగినట్టే ఉంటుంది, చివర్లో ఒక్కసారిగా మీద పడుతుంది. గంటకి 100 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. 600 మీటర్ల దూరం నుంచి మన దగ్గరికి రావడానికి 22 సెకన్లు కూడా పట్టదు. లోకో పైలట్ మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా ఆ దూరంలో ఆగడం కష్టం. బండి అద్దాలు మూసి, లోపల పాటలు పెట్టుకుంటే కూత కూడా చెవిదాకా రాదు. శాంసన్ కాలం నాటి పరిష్కారం అలా చేతులెత్తేస్తుంది.

మాసాయిపేట తర్వాత కొంత కదలిక వచ్చింది. కొన్నిచోట్ల "గేట్ మిత్ర" పేరుతో స్థానికుల్నే పెట్టారు. గేటు ఉండదు, ఒక మనిషి నిలబడి రైలొస్తోందని హెచ్చరిస్తాడు. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో స్కూల్ వ్యాన్‌ని ప్యాసింజర్ రైలు గుద్దింది. 13 మంది పిల్లలు పోయారు. అక్కడ గేట్ మిత్ర ఉన్నాడు, ఆపడానికి చూశాడు కూడా. వ్యాన్ డ్రైవర్ చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయని అధికారులు చెప్పారు. నాలుగేళ్ల తేడాతో అదే కథ, వేరే రాష్ట్రం.

దాని తర్వాతే పని నిజంగా పరిగెత్తింది. 2017లోనే రైలు భద్రత కోసం అయిదేళ్లకి లక్ష కోట్లతో ప్రత్యేక నిధి పెట్టారు, కాబట్టి డబ్బు ఉంది. 2018 ఏప్రిల్ నాటికి బ్రాడ్‌గేజ్ మీద 3,479 కాపలా లేని క్రాసింగులు మిగిలాయి. 2019 జనవరి 31 నాటికి అవన్నీ పోయాయి. పది నెలల్లో. అంతకు ముందు ఎన్నో దశాబ్దాలు కాదనుకున్న పని పది నెలల్లో అయింది! సంతోషించాలో, మాసాయిపేట పిల్లల్ని తలుచుకుని బాధపడాలో నాకైతే తెలియదు.

ఎలా చేశారు? కొన్ని చోట్ల క్రాసింగ్ మూసేసి, పట్టాల పక్కన రోడ్డు వేసి దగ్గర్లోని గేటుకి కలిపారు. కొన్నిచోట్ల గేట్‌మన్‌ని పెట్టారు. చాలాచోట్ల అండర్ బ్రిడ్జి కట్టారు. ముందే పోసి పెట్టిన కాంక్రీటు పెట్టెల్ని క్రేన్లతో తెచ్చి, కొన్ని గంటలు రైళ్లు ఆపి, పట్టాలు విప్పి, మట్టి తవ్వి, పెట్టెలు దించి, మళ్లీ పట్టాలు పరిచేస్తారు. వీలైతే యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూడండి, భలే ఉంటాయి.

అయితే గేటు ఉంటే అంతా సేఫేనా అంటే, కాదు. 2015 ఆగస్టు 24న అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర మూసి ఉన్న గేటుని బద్దలు కొట్టుకుని గ్రానైట్ లారీ ఒకటి బెంగళూరు – నాందేడ్ ఎక్స్‌ప్రెస్ పెట్టెని గుద్దింది. కర్ణాటక ఎమ్మెల్యే వెంకటేశ్ నాయక్‌తో పాటు మరికొందరు ప్రయాణికులు చనిపోయారు. ఇక్కడ పోయింది రైల్లో ఉన్నవాళ్లు! రోడ్డు బండి బ్రేకు పోతే గేటు కర్ర దాన్ని ఆపలేదు. మొన్న 2025 జులై 8న తమిళనాడు కడలూరు జిల్లా సెమ్మంకుప్పంలో గేట్‌మన్ ఉన్న గేటు దగ్గరే స్కూల్ వ్యాన్‌ని రైలు గుద్ది ముగ్గురు పిల్లలు చనిపోయారు. ఆ గేటుకి ఇంటర్‌లాకింగ్ లేదు.

ఇంటర్‌లాకింగ్ అంటే ఏంటో ఒక్క నిమిషంలో చెబుతా. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు పూర్తిగా మూసి, తాళం పడితే తప్ప రైలుకి సిగ్నల్ పచ్చగా మారదు. గేట్‌మన్ మర్చిపోతే రైలే ఆగిపోతుంది. ఇంటర్‌లాకింగ్ లేనిచోట స్టేషన్ మాస్టర్ ఫోన్ చేస్తాడు, గేటు వేశానని గేట్‌మన్ చెప్పి ఒక ప్రైవేట్ నంబర్ ఇస్తాడు, ఆ మాట మీద రైలు వస్తుంది. మాట తప్పయితే? ఆపేదేమీ లేదు. కడలూరు తర్వాత అన్ని గేట్ల దగ్గరా సీసీ కెమెరాలు పెట్టమని, గేట్‌మన్, స్టేషన్ మాస్టర్ మాటల రికార్డింగులు రోజూ చెక్ చెయ్యమని, మరిన్ని గేట్లని ఇంటర్‌లాక్ చెయ్యమని రైల్వే మంత్రి ఆదేశాలిచ్చారు. చూడండి, ఇంతకుముందు బండి డ్రైవర్ మీద ఆధారపడ్డాం. తర్వాత గేట్‌మన్ మీద. ఇద్దరూ మనుషులే. పన్నెండు గంటల డ్యూటీలో కునుకు ఎవరికైనా పడుతుంది.

అండర్ బ్రిడ్జిలకి కూడా ఒక చిక్కుంది. వాన పడితే చెరువులవుతాయి. 2022 జులైలో మహబూబ్‌నగర్ జిల్లా మాచన్‌పల్లి దగ్గర అండర్ బ్రిడ్జి నీళ్లలో స్కూల్ బస్సు ఇరుక్కుపోయింది. ఊరివాళ్లు దిగి పిల్లలందర్నీ బయటికి తెచ్చారు. అందరూ అంత అదృష్టవంతులు కారు. 2024 సెప్టెంబర్‌లో ఫరీదాబాద్‌లో అలాంటి నీళ్లలోనే కారు మునిగి ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు చనిపోయారు. పట్టాల మీది ప్రమాదాన్ని తీసి పట్టాల కింద పెట్టినట్టయింది. నీళ్లు ఎటు పోవాలో ఆలోచించకుండా కడితే అది సగం పనే.

ఇక మన సంగతి. గేటు పడింది, రైలు ఇంకా కనపడలేదు, ముందున్న నాలుగు బైకులు కర్ర కింద నుంచి దూరి వెళ్లిపోయాయి. మీరు కూడా బండి వంచుతారు. రెండు లైన్లున్న చోట జరిగేది ఏంటంటే, మొదటి రైలు వెళ్లిపోగానే అందరూ కదులుతారు, దాని వెనక అవతలి లైన్లో వచ్చే రెండో రైలు కనపడదు. గేటు ఇంకా లేవలేదంటే గేట్‌మన్ బద్ధకం కాదు, రెండో రైలు ఉందని అర్థం. మూసిన గేటు మీరే ఎత్తితే మూడేళ్ల దాకా, విరగ్గొడితే అయిదేళ్ల దాకా జైలు. సెక్షన్ 160.

ఒకవేళ బండి పట్టాల మధ్య ఆగిపోతే? స్టార్ట్ చేస్తూ కూర్చోకండి. ముందు మనుషులు దిగి పట్టాలకి దూరంగా వెళ్లాలి, తర్వాత గేట్‌మన్‌కి చెప్పాలి. అతని దగ్గర డిటోనేటర్లు ఉంటాయి, పట్టాలకి బిగించే టపాసుల్లాంటివి. 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దూరంలో మూడు పెడతాడు. ఇంజిన్ చక్రం కింద అవి పేలితే లోకో పైలట్ రైలు ఆపేస్తాడు. అది నడిచి వెళ్లి చెయ్యాల్సిన పని, కాబట్టి ప్రతి నిమిషం లెక్కే. గేట్‌మన్ కనపడకపోతే 139కి ఫోన్ చెయ్యండి. ప్రతి గేటుకీ ఒక నంబర్ ఉంటుంది, గేటు గది మీదే రాసి ఉంటుంది. ఫోన్‌లో ఆ నంబర్ చెబితే ఏ చోటో వాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఈసారి మీ ఊరి గేటు పడి ఆగినప్పుడు ఆ నంబర్ చూసి పెట్టుకోండి.